వేట నిషేధం తర్వాత ఔట్‌బోర్డు మోటారు లాగడం లేదా? విప్పే ముందు ఇవి చూడండి

చేపల వేట నిషేధం వల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, బోటు వెనక తగిలించే ఈ మోటారు ఒడ్డునే ఉంటుంది. జూన్ 15న వల, ఐసు ఎక్కించి బోటు దింపుతారు. తాడు రెండు మూడుసార్లు లాగగానే మోటారు అందుకుంటుంది, ఐడిలింగ్ కూడా బాగానే ఉంటుంది. కెరటాలు దాటాక ఫుల్ రేసు ఇస్తే మాత్రం గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది, బోటు ముందుకు పోదు.

అప్పుడు చాలామంది ముందు కార్బొరేటర్ విప్పుతారు, లేదంటే ‘ఇంజను రిపేరుకు వచ్చింది’ అని షెడ్డుకు మోస్తారు. కానీ ఏప్రిల్‌లో బాగా లాగిన మోటారుకు ఊరికే నిలబెట్టినంత మాత్రాన పిస్టన్లు, రింగులు అరగవు. నిలబడిన కాలంలో పాడయ్యేవి పెట్రోలు, రబ్బరు, ఉప్పు గాలి తగిలే వైరు కనెక్షన్లు. వెతుకులాట అక్కడ మొదలవ్వాలి. దేన్నీ విప్పకుండా చేసే పరీక్షలు ముందు, స్పానరు తర్వాత. ఇక్కడ చెప్పేది 8 నుంచి 40 హార్స్ పవర్ దాకా ఉండే కార్బొరేటర్ మోటార్ల గురించి. ఎక్కువ భాగం టూ-స్ట్రోకుకు. ఫోర్-స్ట్రోకుకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ఒక్క హెచ్చరిక ముందే. మోటారును నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు. వాటర్ పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను తడిపేది ఆ నీళ్లే. అవి లేకపోతే రెక్కలు కాలిపోతాయి. ఒడ్డు మీద చూడాలంటే ప్రొపెల్లర్ తీసేసి, దాని పైన ఉండే అడ్డ ప్లేటు మునిగేలా 200 లీటర్ల డ్రమ్ములో దింపి, తక్కువ రేసులోనే నడపండి.

ముందు లక్షణం గుర్తుపట్టండి

‘లాగడం లేదు’ అనే మాట కింద మూడు వేరు వేరు జబ్బులుంటాయి. 

ఇంజను రేసు బాగా ఎక్కుతోంది, మోత పెరుగుతోంది, బోటు మాత్రం కదలడం లేదంటే తప్పు నీళ్లలో ఉంది: ప్రొపెల్లర్, దాని లోపలి రబ్బరు బుష్, మోటారు బిగించిన ఎత్తు. ఇలాంటప్పుడు కార్బొరేటర్ ముట్టుకోవడం దండగ.

అసలు రేసే ఎక్కడం లేదంటే పెట్రోలు, కరెంటు, కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి) ఈ మూడింటిలో ఒకటి. లేదా ఆ బోటు బరువుకు ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వంపును బట్టి ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) ఎక్కువైంది.

మొదట బాగా లాగి, ఐదు పది నిమిషాలకు దిగజారిపోతుంటే పెట్రోలు అందకపోవడమో, వేడెక్కడమో, వేడికి కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) తప్పుకోవడమో. కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఐదు నిమిషాలు బాగుంటుంది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవకపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి; రాకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు లాగలేకపోతుంది. ఆ స్క్రూ చూడకుండా ఇక ఏదీ చూడొద్దు. తెరిచినా దాని రంధ్రంలో ఉప్పు గడ్డకట్టి ఉండొచ్చు, ఊదిచూడండి.

ఇంకొకటి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇంజను ఆపి, పై మూత తీసి, గేరు వేసి, చేతిపిడి పూర్తిగా తిప్పండి. కార్బొరేటర్ నోట్లోని బిళ్ల పూర్తిగా తెరుచుకుని, లింకేజీ తన స్టాపరుకు తగలాలి. కేబుల్ సాగిపోయి ఆ బిళ్ల ముప్పావు వంతే తెరుచుకుంటుంటే మీకు ఎప్పటికీ ఫుల్ రేసు రాదు. గేరు వేయమన్నది ఎందుకంటే చాలా మోటార్లలో న్యూట్రల్‌లో పిడి పూర్తిగా తిరగకుండా అడ్డు ఉంటుంది.

రబ్బరు బల్బు చెప్పే నిజం

ట్యాంకుకూ మోటారుకూ మధ్య పైపులో ఉండే చేతి బల్బు కంటే మంచి పరీక్ష పరికరం బోటులో లేదు. దాని మీది బాణం మోటారు వైపు చూడాలి. బాణం పైకి ఉండేలా నిలబెట్టి నొక్కితే ఏడెనిమిది నొక్కులకు రాయిలా గట్టిపడాలి, కాసేపు అలాగే నిలవాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ట్యాంకు వైపు నుంచి గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది. గట్టిపడి, మళ్లీ కార్బొరేటర్ నోట్లోంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోటు సూది (కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోలు ఆపేది) మూసుకోవడం లేదు.

ఇప్పుడు నీళ్లలో. ఒకరు పిడి దగ్గర, ఒకరు బల్బు దగ్గర కూర్చోండి. ఫుల్ రేసులో మోటారు దిగజారుతున్న క్షణంలో బల్బు ఆగకుండా నొక్కాలి. వెంటనే రేసు అందుకుంటే తప్పు పెట్రోలు అందడంలోనే ఉంది, ప్లగ్గుల జోలికి పోనక్కర్లేదు. ఆ సమయంలో బల్బు చప్పిడిగా లోపలికి పీక్కుపోయి ఉంటే అడ్డం బల్బుకు ముందు, అంటే ట్యాంకు వైపు ఉంది: గాలి స్క్రూ, ట్యాంకులో అడుగున ఉండే జల్లెడ, లేదా పైపు. బల్బు పీక్కుపోకుండా, నొక్కినప్పుడు మాత్రమే మోటారు బాగుపడుతుంటే ఇంజను మీది ఫ్యూయల్ పంపు డయాఫ్రం (లోపలి పలచటి పొర) బిగుసుకుపోయిందో, చిరిగిందో, లేదా ఎక్కడో గాలి చొరబడుతోంది. బల్బు గట్టిగా ఉండి, నొక్కినా ఏ మార్పూ లేకపోతే పెట్రోలు కార్బొరేటర్ దాకా వస్తోంది. అప్పుడు జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు), స్పార్కు చూడాలి.

ఇంకా సులువైనది పక్క బోటు వాళ్ల ట్యాంకు, పైపు అరువు తెచ్చి తగిలించడం. కనెక్టర్ ఒకటే రకమైతే చాలు. టూ-స్ట్రోకు అయితే ఆయిల్ పాళ్లూ ఒకటే అయి ఉండాలి. దానితో పది నిమిషాలు బాగా లాగితే మీ మోటారుకు ఏమీ కాలేదు, మీ ట్యాంకుకూ పైపుకూ అయింది.

గాలి చొరబాటు కంటికి కనబడదు. పైపులో పెట్రోలు పీల్చుకుపోతూ ఉంటుంది కాబట్టి సన్న పగులుంటే బయటికి చుక్క కారదు, గాలే లోపలికి పోతుంది. కనెక్టర్ లోపలి చిన్న రబ్బరు రింగు ముందు మార్చండి. అనుమానం తీరకపోతే మోటారు దగ్గర ఒక జానెడు పారదర్శక పెట్రోలు పైపు తాత్కాలికంగా అతికించి నడపండి. వరసగా బుడగలు పోతుంటే దొరికినట్టే. జాయింట్ల దగ్గర ఇనప తీగ చుట్టొద్దు, స్టెయిన్‌లెస్ క్లిప్పు వేయండి. తీగ ఒకచోట కోసుకుపోయి ఇంకోచోట వదులుగా ఉంటుంది.

పాత పైపుల్లో ఇంకో మోసం ఉంది. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి పొర మాత్రం ఉబ్బి, ఊడి, వాల్వులాగా అడ్డం పడుతుంది. నెమ్మదిగా నడిపితే సరిపడా వస్తుంది, ఫుల్ రేసులో పీల్పు పెరిగేసరికి మూసుకుంటుంది. రెండు మూడేళ్లు వాడిన పైపును పరీక్షించే బదులు మార్చడమే చవక.

పెట్రోలులో నీళ్లు, ఇథనాల్

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఔట్‌బోర్డు తయారీదారుల మాన్యువళ్లలో చాలావరకు 10 శాతం దాకానే ఒప్పుకుంటారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు ఒడ్డున, సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో, రెండు నెలల ఎండాకాలం చాలు. తేమ ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పైపు లాగేది అడుగు నుంచే.

దీన్ని చూడటానికి ఒక గాజు సీసా చాలు. ట్యాంకును ఒక మూలకు వంచి, అడుగు నుంచి పావు లీటరు సీసాలోకి తీసి, నీడలో 15 నిమిషాలు కదపకుండా ఉంచండి. టూ-స్ట్రోకు ఆయిల్‌కు నీలం లేదా ఆకుపచ్చ రంగు కలుపుతారు. పై పొర ఆ రంగులో ఉండి, అడుగున రంగులేని పొర తేటగా నిలబడి, మధ్యలో గీత గీసినట్టు కనబడితే పెట్రోలు విడిపోయింది. ఆ అడుగు పొర గురించే భయపడాలి. అందులో ఆయిల్ ఉండదు. దానితో ఇంజను కొద్దిసేపు తిరిగినా సిలిండర్ గోడకు, పిస్టనుకు తడి అందక గీతలు పడతాయి.

పూర్వం నీళ్లు దిగితే పైనున్న పెట్రోలు వంపుకుని వాడేవారు. ఇథనాల్ పెట్రోలుకు అది పనికిరాదు. ఇథనాల్ వెళ్లిపోయాక మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది, ఫుల్ లోడులో ఇంజను లోపల టకటక కొడుతుంది. అంతా తీసేసి ట్యాంకు ఎండబెట్టి కొత్తది పోయండి. పారబోసేది ఇసుకలోనో కాలువలోనో కాదు, మూత ఉన్న క్యానులో పెట్టి మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి.

పెట్రోలులో ఇథనాల్ ఎంత ఉందో కూడా మీరే చూసుకోవచ్చు, ఆయిల్ కలపక ముందు. 100 మిల్లీలీటర్ల గీతల సిలిండర్‌లో 90 పెట్రోలు, 10 నీళ్లు పోసి, గట్టిగా కలిపి పది నిమిషాలు వదలండి. ఇథనాల్ నీళ్లలోకి దిగి అడుగు పొర పెరుగుతుంది. పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, దాదాపు 28కి చేరితే 20 శాతం.

ఇథనాల్ ఎక్కువైతే కార్బొరేటర్ మిశ్రమం పలచన అవుతుంది. జెట్టు అంతే, గాలి అంతే, కానీ ఇంధనం తనతోనే కొంత ఆక్సిజన్ తెస్తుంది. దానికి విరుగుడుగా జెట్టు రంధ్రం సూదితో పెద్దది చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా చేసిన జెట్టు మళ్లీ సరికాదు. పెద్ద నంబరు జెట్టు విడిగా దొరుకుతుంది, మీ మోటారు మోడల్ చెప్పి కొనండి.

ఆయిల్ పాళ్లు: 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25 లీటర్ల ట్యాంకుకు అర లీటరు. 100కి 1 అని మాన్యువల్‌లో ఉంటే లీటరుకు 10. కొత్త ఇంజను అలవాటుపడే తొలి గంటల్లో 25కి 1, అంటే లీటరుకు 40. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకు టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లకు చేసింది. నీళ్లతో చల్లబడే ఇంజనులో అది ప్లగ్గుల మీద, పిస్టను మీద బూడిద పేరుస్తుంది. ఆయిల్ ఎక్కువ వేస్తే ఇంజనుకు మేలు అనుకోవడం కూడా పొరపాటే. ప్లగ్గులు తడుస్తాయి, పెట్రోలు వాటా తగ్గి మిశ్రమం పలచనవుతుంది. ఫోర్-స్ట్రోకులో పెట్రోలుకు ఆయిల్ కలపొద్దు.

కార్బొరేటర్ ఎప్పుడు విప్పాలి

హాఫ్ చోక్ పరీక్ష చేశాకే. ఫుల్ రేసులో మోటారు ఇబ్బంది పడుతున్నప్పుడు చోక్ సగం లాగండి. రేసు పెరిగితే లోపలికి పెట్రోలు చాలడం లేదు: బల్బు పరీక్షలో పైపు, పంపు బాగున్నాయని తేలింది కాబట్టి మెయిన్ జెట్టు మూసుకుంది. చోక్ లాగగానే ఇంకా దిగజారితే పెట్రోలు సరిపోతోంది, స్పార్కు వైపు వెళ్లండి. ఐడిలింగ్ బాగుండి ఫుల్ రేసు రాకపోతే మెయిన్ జెట్టు. ఫుల్ రేసు బాగుండి ఐడిలింగ్‌లో ఆరిపోతుంటే పైలట్ జెట్టు. ఐడిలింగ్ స్క్రూ తిప్పి ఫుల్ రేసు తెప్పించాలని చూడొద్దు, ఆ రెంటికీ సంబంధం లేదు.

విప్పే ముందు గిన్నె కింది స్క్రూ వదులు చేసి, లోపల ఉన్నది తెల్ల గిన్నెలోకి పట్టండి. నీటి చుక్కలు, ఇసుక, తెల్లటి పొడి, ఆకుపచ్చ జిగురు – ఏది కనబడితే అది సమస్య ఎక్కడిదో చెబుతుంది. తెల్ల పొడి అంటే నీళ్లు చాలాకాలం నిలిచి అల్యూమినియం తినేసింది. మెయిన్ జెట్టు సరిపోయే స్క్రూడ్రైవరుతో తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచు ఇత్తడి రంగులో మెరుస్తూ ఉండాలి. టీ రంగు పొర అంచున పేరుకుని రంధ్రం నెలవంకలా కనబడుతుంటే అదే మీ పోయిన వేగం. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, తీగ పెట్టి పొడవొద్దు. ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు రింగులు క్లీనర్‌లో వేయకూడదు. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయండి, మూత కింద ఉండే ఫ్యూయల్ ఫిల్టరు కూడా అదే పనిలో మార్చండి.

స్పార్కు

రెండు సిలిండర్ల మోటారులో ఒక సిలిండరు చచ్చిపోతే సగం బలం కూడా మిగలదు, ఎందుకంటే రెండోది దాన్ని మోయాలి. ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. బిస్కెట్ రంగు మంచిది. ఒకటి బిస్కెట్ రంగు, ఒకటి నల్లగా తడిగా ఉంటే తడి సిలిండరు మండటం లేదు. తెల్లగా పొక్కులు ఎక్కి ఉంటే పలచన మిశ్రమం లేదా వేడి. ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే అందులోకి నీళ్లు వస్తున్నాయి, హెడ్ గాస్కెట్ అనుమానించాలి.

ప్లగ్ నంబరు మాన్యువల్‌లో ఉన్నదే వేయండి. ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర -10 అని ఉంటే గ్యాప్ 1.0 మిల్లీమీటరు.

ఏ సిలిండరు పనిచేయడం లేదో తేల్చడానికి ఇంజను ఆపి, ఒక ప్లగ్గు క్యాపు తీసి, ఆ క్యాపులో పాత ప్లగ్గు పెట్టి ఇంజను బాడీకి గట్టిగా తగిలేలా కట్టి స్టార్ట్ చేయండి. మోటారు నడకలో తేడా లేకపోతే తప్పు ఆ సిలిండరుదే. క్యాపును గాలిలో వదిలేసి తిప్పొద్దు, సీడీఐ (స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోయే ప్రమాదం ఉంది. పెట్రోలు ఒలికి ఉన్నచోట, పైపు ఊడదీసి ఉన్నప్పుడు స్పార్కు పరీక్ష చేయొద్దు.

బలం లేని సిలిండరుకు ముందు ప్లగ్గు మార్చండి, తర్వాత క్యాపు. తీరంలో క్యాపుల లోపల తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది. మర తిప్పి బిగించే రకమైతే క్యాపు విప్పి, వైరు చివర అర సెంటీమీటరు కోసి, కొత్త రాగి తేలాక మళ్లీ బిగించండి. ఆపే స్విచ్చు కూడా తడికి సగం సగం ఎర్త్ అవుతూ స్పార్కును తినేస్తుంది. దాని వైరు తాత్కాలికంగా ఊడదీసి చూడండి; బాగుపడితే స్విచ్చు మార్చాలి. ఆ వైరు తీసినప్పుడు మీటతో మోటారు ఆగదు, చోక్ పూర్తిగా లాగి ఆపాలి. పరీక్షకు తప్ప అలా నడపొద్దు, మనిషి నీళ్లలో పడితే ఆపేది ఆ స్విచ్చే.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి 20 నిమిషాలకు ఒక సిలిండరు తప్పుకుంటే కాయిల్ వేడికి తెగుతోంది. ఇంటికొచ్చాక చల్లారిన కాయిల్‌ను చూస్తే ఏమీ తేలదు. సముద్రంలోనే, తప్పిన వెంటనే చూడాలి.

నీళ్ల ధార

మోటారు వెనక సన్నగా కొట్టే ధార, ఇంజనును చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయని చూపేది. అది తగ్గితే ముందు ఆ రంధ్రంలో నైలాన్ దారం పెట్టి శుభ్రం చేయండి. అయినా రాకపోతే ఆపేయండి. కెరటాల్లోంచి ఒడ్డెక్కే బోట్లలో ఇసుక కలిసిన నీళ్లు పంపులోకి పోయి ఇంపెల్లర్ రెక్కలను, దాని గిన్నెను గీసేస్తాయి. అందుకే ఇక్కడ ఇంపెల్లర్ ఏటా మార్చాలి, నిషేధ కాలంలో మార్చితే ఇంకా మంచిది. పాతదాని రెక్కలు ఒకవైపుకు వంగి అలాగే ఉండిపోతే పనైపోయింది. ఒక రెక్క విరిగి కనబడకపోతే ఆ ముక్క ఎక్కడుందో వెతికి తీయాలి, లేకపోతే నీటి దారిలో ఇరుక్కుంటుంది.

ధార బాగున్నా సిలిండర్ హెడ్ మీద నీటి చుక్క వేస్తే చుయ్‌మంటుంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) మూసుకుని ఉండిపోయింది, లేదా లోపల ఉప్పు కట్టింది. చాలా ఫోర్-స్ట్రోకులు, పెద్ద మోటార్లు వేడెక్కితే తమంతట తామే రేసు తగ్గించుకుంటాయి. దాన్ని కార్బొరేటర్ లోపం అనుకుని విప్పినవాళ్లు ఎందరో.

ప్రొపెల్లర్, ఎత్తు

పంకా అనండి, ఫ్యాను అనండి, ముందు దాన్ని తీయండి. వెనక షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ దారం సీలును కోసి గేరు బాక్సులోకి నీళ్లు వదులుతుంది. గేరు ఆయిల్ పాలకాఫీలా ఉంటే అదే. సీలు మార్చి కొత్త ఆయిల్ నింపండి, కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పై రంధ్రంలోంచి పొంగేదాకా.

రబ్బరు బుష్ జారుతోందా అని చూడటానికి, లోపలి ఇత్తడి గొట్టం మీంచి బయటి రెక్కల మీదికి పెయింటుతో ఒకే గీత గీయండి. బోటు ఫుల్ లోడుతో నడిపి తీసి చూడండి. గీత రెండుగా విడిపోతే బుష్ పోయింది.

ప్రొపెల్లర్ మీద వ్యాసం, పిచ్ అంగుళాల్లో చెక్కి ఉంటాయి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఫుల్ రేసు నిమిషానికి సుమారు 200 చుట్లు పెరుగుతుంది. ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటరుతో, వల, ఐసు, మనుషులు అందరితో ఫుల్ రేసు కొలవండి. చాలా చిన్న టూ-స్ట్రోకులకు 4500–5500, ఫోర్-స్ట్రోకులకు 5000–6000 మధ్య ఉండాలి. మీ మోటారు అంకె మాన్యువల్‌లో ఉంటుంది. మిగతావన్నీ బాగుండి 4000 దాటకపోతే బోటు బరువుకు పిచ్ ఎక్కువ. ఖాళీ బోటుతో కొలిచి ప్రొపెల్లర్ కొంటే తిరుగు ప్రయాణంలో, చేపలు నిండినప్పుడు ఇంజను కుంగుతుంది.

ఎత్తు: ప్రొపెల్లర్ పైని అడ్డ ప్లేటు బోటు అడుగుకు సమానంగా గానీ, 25 మిల్లీమీటర్లలోపు కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే కెరటం ఎక్కినప్పుడల్లా గాలి పీల్చి వట్టి మోత మోగుతుంది. మరీ కిందికి ఉంటే నీటి ఒరిపిడి. అమరం ఎత్తు 15 అంగుళాలున్న బోటుకు పొట్టి షాఫ్టు, 20 అంగుళాలున్న దానికి పొడుగు షాఫ్టు.

చివరికే కంప్రెషన్

ఇంజను వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, వైర్లు ఎర్త్ చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి పెట్టి తాడు ఐదారుసార్లు లాగండి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం లోపు తేడా పరవాలేదు, 15 దాటితే విప్పాల్సిందే. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే హెడ్ గాస్కెట్, ఫోర్-స్ట్రోకులో అయితే వాల్వులు కూడా కావచ్చు. చిన్న ఫోర్-స్ట్రోకుల్లో తాడు తేలిగ్గా రావడానికి డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది కాబట్టి గేజి తక్కువే చూపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

వచ్చే ఏప్రిల్ 14న

ఆఖరి వేట నుంచి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో మోటారు పది పదిహేను నిమిషాలు నడపండి. పెట్రోలు కనెక్టర్ ఊడదీసి, మోటారు దానంతట అదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. తర్వాత కార్బొరేటర్ గిన్నె స్క్రూ తీసి మిగిలిన చుక్కలు కూడా దించండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో ఒక చెంచా టూ-స్ట్రోకు ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గులు పెట్టేయండి. గేరు ఆయిల్ అప్పుడే మార్చండి. నీళ్లు కలిసిన ఆయిల్‌లో గేర్లు రెండు నెలలు నానితే తుప్పు పడుతుంది. మోటారును పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు దాచొద్దు; ఆయిల్ కలిపిన దాన్ని టూ-స్ట్రోకు మోటారున్న వాళ్లెవరైనా వెంటనే వాడుకునేలా ఇచ్చేయండి.

జూన్ 14 సాయంత్రం కొత్త పెట్రోలు, కొత్త ఫిల్టరు వేసి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, మోటారు ముట్టుకోకుండా పది నిమిషాలు ఆగండి. అప్పటికీ బల్బు గట్టిగానే ఉంటే డ్రమ్ములో స్టార్ట్ చేయండి. మెత్తబడితే ఆ లీకు ఒడ్డు మీదే వెతకండి.